భయపడటం ఈమాన్‌కు లోటు కాదు

మన శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దాని బాగోగులు చూసుకోవలసిన బాధ్యత మనదే అయినా, అందులో మన ఆజ్ఞ కోసం ఎదురుచూడని పనులు ఎన్నో జరుగుతుంటాయి. పెద్ద చప్పుడు వినగానే గుండె దడదడలాడుతుంది. అర్ధరాత్రి ఫోను మోగితే అరచేతులు చల్లబడతాయి. నలుగురిలో అవమానం జరిగితే మనం మాట ఆలోచించుకునేలోపే పిడికిలి బిగుసుకుంటుంది. ఇవేవీ మనం కోరి చేసినవి కావు. అయినా మన సమాజంలో వీటిని చూసి రెండు మాటలు తేలిగ్గా అనేస్తారు. ఒకటి, నమాజు చేసేవాడికి ఈ భయమేమిటి, ఈమాన్ బలహీనంగా ఉందని. రెండు, ఏదో అసర్ తగిలింది, తాయెత్తు కట్టించండని. ఈ రెండు మాటలూ సరైనవి కావనీ, రెండింటివల్లా కుటుంబాలకు కీడు జరుగుతోందనీ మా అభిప్రాయం.

గోదావరి డెల్టాలో ఉండే మనకు భయమంటే ఏమిటో ఒకరు చెప్పనవసరం లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురు బావి పేలి అంటుకున్న మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. ఆ మరుసటి సంవత్సరం, 1996 నవంబరు 6 రాత్రి, కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఎన్నో ఊళ్ళలో కొబ్బరి తోటలు తెల్లవారేసరికి నేలమట్టమై కనిపించాయి. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరంలో గ్యాస్ పైపులైను పేలి ఇళ్ళలో నిద్రలో ఉన్నవారే కాలిపోయారు. ఈ ఘటనలు చూసినవారి శరీరాలు వాటిని మరచిపోలేదు. కార్తీకంలో ఈదురుగాలి లేచి కొబ్బరాకులు రెపరెపలాడితే చాలు, నడివయసు దాటిన మన ఆడవాళ్ళలో కొందరు అన్నం ముందు కూర్చుని ముద్ద మింగలేరు. గ్యాస్ వాసన వచ్చిందని అనుమానం కలిగితే కాళ్ళు వణికేవారూ ఉన్నారు. ఇది పిరికితనం కాదు. ఒకసారి ప్రాణం మీదికి వచ్చిన ఆపదను శరీరం గుర్తుపెట్టుకుని, అలాంటి జాడ కనిపించగానే కావలి కాస్తోంది.

ఆపదలో లోపల జరిగేది

ఈ కావలి ఎలా పనిచేస్తుందో వైద్యులు వంద సంవత్సరాలకు పైగా పరిశీలిస్తూ వచ్చారు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ కానన్ 1915లో ప్రచురించిన గ్రంథంలో, భయం కలిగినా కోపం వచ్చినా జంతువు శరీరం పోరాడటానికో పారిపోవడానికో ఒకే విధంగా సిద్ధపడుతుందని వివరించాడు. మెదడులో బాదం గింజంత భాగం ఒకటి ఉంది. ఆపద జాడ తగలగానే అది గంట కొడుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే గ్రంథులు అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. శ్వాస త్వరత్వరగా ఆడుతుంది. కడుపుకు, చర్మానికి వెళ్ళే రక్తం తగ్గి కాళ్ళూ చేతుల పెద్ద కండరాలకు మళ్ళుతుంది. అందుకే ముఖం పాలిపోతుంది, కడుపులో తిప్పుతుంది, నోరు ఎండిపోతుంది. కాలేయం చక్కెరను వదులుతుంది. చెమటలు పడతాయి. ఇదంతా ఆలోచన మొదలయ్యేలోపే జరిగిపోతుంది. పాము అనుకుని ఎగిరి గెంతిన తరువాత గదా అది తాడని తెలిసేది!

వైద్యులు చెప్పే ఈ సంగతులు మన వాడుక మాటల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. పారిపోయినవాణ్ణి కాలికి బుద్ధి చెప్పాడంటాం. నిలువునా ఆగిపోయినవాణ్ణి కొయ్యబారిపోయాడంటాం. కోపంతో ఊగిపోయేవాణ్ణి ఒళ్ళు తెలియలేదంటాం. పారిపోవడం, కొయ్యబారడం, కలబడటం, ఈ మూడే శరీరానికి తెలిసిన దారులు. మన ఇళ్ళలో మాట్లాడే ఉర్దూలోనూ ఇంతే. కంగారు పడితే హాథ్ పావ్ ఫూల్ గయే అంటారు, దిగులు కమ్మితే దిల్ బైఠ్ గయా అంటారు. భాష పుట్టించిన సామాన్యులు శరీరాన్ని ఎంత జాగ్రత్తగా గమనించారో చూడండి.

ప్రవక్తల జీవితాలు ఏం చెబుతున్నాయి?

ఇక ఈమాన్ సంగతికి వద్దాం. భయంతో ఒళ్ళు వణకడం విశ్వాసానికి లోటైతే, దివ్య ఖుర్ఆన్ ప్రవక్తల భయాన్ని దాచిపెట్టి ఉండేది. కాని అల్లాహ్ దాన్ని దాచలేదు, విడమరచి చెప్పాడు. హజ్రత్ మూసా (అలై) గాథ చూడండి. చేతికర్ర పాములా కదలగానే ఆయన వెనుదిరిగి చూడకుండా పరుగెత్తిన వైనం అల్ ఖసస్ సూరాలో ఉంది. ఫిరౌన్ వద్దకు వెళ్ళమన్నప్పుడు తన ఛాతీ బిగుసుకుపోతుందనీ నాలుక సాగదనీ ఆయన ప్రభువుతో విన్నవించుకున్న సంగతి అష్ షుఅరా సూరాలో ఉంది. మాంత్రికుల తాళ్ళు పాకుతున్నట్టు కనిపించినప్పుడు ఆయన మనసులో భయం కలిగిందని తాహా సూరా చెబుతుంది. జాతి ఆవుదూడను పూజిస్తున్నదని తెలిసి ఫలకాలను పడవేసి అన్నగారి తల పట్టుకుని లాగిన వైనమూ, కోపం చల్లారిన తరువాత ఆ ఫలకాలను మళ్ళీ చేతిలోకి తీసుకున్న వైనమూ అల్ ఆరాఫ్‌లో ఉన్నాయి. పరుగు, బిగువు, వణుకు, కోపం అన్నీ ఒక్క ప్రవక్త జీవితంలోనే కనిపిస్తున్నాయి. ఆయన అల్లాహ్‌తో నేరుగా సంభాషించిన కలీముల్లాహ్. ఆయన ఈమాన్‌ను శంకించగలవారెవరు?

అందులో మరొక సూక్ష్మం ఉంది. మూసా (అలై) భయపడినప్పుడు అల్లాహ్ ఆయన్ను నిందించలేదు. భయం లేదని అభయమిచ్చి, భయం కలిగినప్పుడు చేతిని పక్కకు అదుముకోమని ఆదేశించాడు. శరీరంలో పుట్టిన వణుకుకు శరీరంతోనే చేయగల ఉపాయం నేర్పించాడు. దీన్ని వ్యాఖ్యాతలు ఎన్ని విధాల వివరించినా ఈ ఒక్క విషయం మాత్రం స్పష్టం. భయాన్ని ఒప్పుకోవడమూ దాన్ని అదుపు చేసే మార్గం వెతకడమూ ప్రవక్తల పద్ధతే.

మన ప్రవక్త ముహమ్మద్ (స) హిరా గుహలో మొదటి వహీ అందుకుని ఇంటికి వచ్చినప్పుడు ఆయన గుండె వణుకుతోంది. తనకు దుప్పటి కప్పమని అడిగారు. హజ్రత్ ఖదీజా (రజి) ఏం చేశారు? ముందు కప్పారు. వణుకు తగ్గేదాకా ఆగారు. తరువాత సంగతి విన్నారు. అప్పుడు ఆయన సద్గుణాలను ఒక్కొక్కటిగా గుర్తుచేసి ధైర్యం చెప్పారు. ఆ తరువాత విషయం తెలిసిన పెద్ద మనిషి వరఖా బిన్ నౌఫల్ వద్దకు తీసుకువెళ్ళారు. ఈ వరుసను మన తల్లులూ భార్యలూ గుర్తుంచుకుంటే చాలు. ముందు వెచ్చదనం, తరువాత వినడం, తరువాత ధైర్యం, ఆ తరువాత తెలిసినవారి సలహా. మనం సాధారణంగా చేసేది దీనికి తలకిందులు. వణికే మనిషిని ముందే ప్రశ్నలతో ముంచెత్తుతాం, ఊరుకోమని కసురుతాం.

హిజ్రీ 5లో కందక యుద్ధ సమయాన మదీనా ముట్టడికి గురైనప్పుడు చూపులు చెదిరి గుండెలు గొంతుల్లోకి వచ్చాయని అల్ అహ్జాబ్ సూరా వర్ణిస్తుంది. కలేజా మూ కో ఆనా అని మన ఇళ్ళలో అనేది ఇదే గదా! ఆ ముట్టడిలో ఉన్నవారు సామాన్యులు కారు, సహాబాలు. హిజ్రీ 11లో దైవప్రవక్త (స) కన్నుమూసినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) మొదట నమ్మలేక ఆగ్రహించారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆయత్ వినిపించి నిజం చెప్పగానే కాళ్ళు శరీరాన్ని మోయలేక నేలకూలారు. అరేబియా మొత్తం జంకిన ఉమర్ గారి కాళ్ళే సడలిపోయాయి. అలాంటప్పుడు తుఫాను రాత్రి మన కాళ్ళు సడలితే సిగ్గెందుకు?

అదుపు అంటే అణచివేత కాదు

శరీరం గంట కొట్టడం మన చేతిలో లేదు. కొట్టిన గంట విని ఏం చేయాలన్నది మాత్రం మన చేతిలో ఉంది. మొదటి పని గుర్తుపట్టడం. గుండె వేగం, ఎండిన నోరు, బిగిసిన దవడ, కడుపులో తిప్పు, చల్లబడిన వేళ్ళు, వీటిలో మనకు ముందుగా కనిపించే గుర్తు ఏదో ఎవరికి వారు తెలుసుకోవాలి. ఒకరికి చెవులు వేడెక్కుతాయి, మరొకరికి మెడ పట్టేస్తుంది. ఆ గుర్తు కనిపించగానే ఇది నా శరీరం కాస్తున్న కావలి అని మనసులో అనుకుంటే సగం పట్టు మన చేతికి వస్తుంది.

రెండో పని శ్వాస. గుండెను మన ఇష్టప్రకారం నెమ్మది చేయలేం గాని శ్వాసను చేయగలం. తీసుకున్నదానికంటే ఎక్కువసేపు మెల్లగా వదిలితే, మెదడునుంచి గుండెకూ కడుపుకూ దిగే పెద్ద నరం ద్వారా గుండె నెమ్మదిస్తుంది. ఇటలీ వైద్యులు 2001లో ప్రచురించిన ఒక పరిశీలనలో, క్రైస్తవుల జపమాల ప్రార్థననూ ఒక యోగ మంత్రాన్నీ పఠించేవారి శ్వాస నిమిషానికి ఆరుసార్లకు దగ్గరగా వస్తోందనీ, దానివల్ల గుండె లయకు మేలు జరుగుతోందనీ గమనించారు. ఆ పరీక్ష ఖుర్ఆన్ పఠనం మీద జరిగింది కాదు. కాని తజ్వీద్ నేర్చిన ప్రతి విద్యార్థికీ ఒక సంగతి తెలుసు. తర్తీల్‌తో, మద్ద్‌లు సాగదీసి, వఖ్ఫ్‌ల వద్ద ఆగి చదివేవాడి శ్వాస దానంతట అదే పొడవవుతుంది. మనం జిక్ర్ చేసేది శ్వాస వ్యాయామం కోసం కాదు, అల్లాహ్ ప్రసన్నత కోసం. అయినా హృదయాలకు నెమ్మది తన స్మరణలోనే ఉందని చెప్పిన ప్రభువు ఆ నెమ్మదిలో శరీరానికీ వాటా పెట్టాడంటే ఆశ్చర్యమేముంది?

మూడో పని నీరు, నేల, నిద్ర. చన్నీళ్ళు ముఖానికి తగిలితే గుండె వేగం కొంత తగ్గుతుందని వైద్యులు చెబుతారు. కోపం వచ్చినప్పుడు వుజూ చేయమన్న హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది. నిలబడి ఉంటే కూర్చోవాలనీ, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలనీ చెప్పే హదీసూ అందులోనే ఉంది. బద్ర్ సమయంలో అల్లాహ్ విశ్వాసుల మీదికి కునుకును పంపి, వాన కురిపించి, వారి పాదాలను నిలకడగా నిలిపిన సంగతి అల్ అన్ఫాల్ సూరాలో చదువుతాం. ప్రసవ వేదనలో చావు కోరుకున్న హజ్రత్ మర్యం (అలై)కు ముందు అందినవి నీళ్ళూ పండిన ఖర్జూరాలూ. దుఃఖించవద్దన్న మాటతో పాటే తినమనీ తాగమనీ ఆదేశం వచ్చింది. తుఫాను షెల్టరులో వణుకుతున్నవారికి ముందు వేడి టీ, పొడి బట్ట, పడుకునేందుకు చాప ఇవ్వాలి. ఉపన్యాసం తరువాత.

కోపం అనే మరో ముఖం

భయానికి జాలిపడే మనం కోపాన్ని మగతనం అనుకుంటాం. శరీరం లెక్కలో రెండూ ఒక్కటే. అదే గ్రంథి, అదే రసం. కుస్తీలో పడగొట్టినవాడు బలవంతుడు కాదనీ, కోపంలో తనను తాను అదుపు చేసుకున్నవాడే బలవంతుడనీ ప్రవక్త (స) బోధించారు. కోపంలో ఉన్న న్యాయమూర్తి తీర్పు చెప్పరాదన్నది కూడా ఆయన ఆదేశమే. కోపంలో ఇద్దరి మధ్య తీర్పే చెప్పకూడనివాడు ఒక కాపురం మీద తీర్పు ఎలా చెబుతాడు? ఇబ్నుల్ ఖయ్యిం వంటి పండితులు కోపాన్ని మూడు స్థాయిలుగా విభజించి, కోపంలో పలికిన తలాక్ గురించి ప్రత్యేకంగా గ్రంథమే రాశారు. ఒక్కసారిగా మూడు తలాక్‌లు చెప్పే పద్ధతిని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2019 చట్టం దాన్ని చెల్లనిదిగా, మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడగల నేరంగా చేసింది. చట్టం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, చెవులు వేడెక్కినప్పుడే గడప దాటి మసీదు హౌజు వద్దకు నడిచిన భర్త తన భార్యాబిడ్డలను కాపాడుకున్నట్టే. పిల్లల వీపు మీద పడే దెబ్బ కూడా ఎక్కువగా ఆ కొన్ని నిమిషాల్లోనే పడుతుంది. మదరసా అయినా బడి అయినా బెత్తం ఎత్తే ఉపాధ్యాయుడు ముందు తన శ్వాస చూసుకోవాలి. బెదిరిన పిల్లవాడికి పాఠం ఎక్కదు. వాడు మొండికేయడం లేదు, కొయ్యబారిపోయాడు.

దువాతో పాటు దవా

ఇక అసర్ మాట. మా ద్రాక్షారామంలో పంచారామాల్లో ఒకటైన భీమేశ్వరాలయమూ ఉంది, సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా కూడా ఉంది. గుండె భారం దించుకోవడానికి అన్ని మతాలవారూ దర్గాకు వస్తారు. బరకత్ కోరి, దువా కోసం, మనశ్శాంతి కోసం వచ్చేవారిని మేము తప్పుపట్టడం లేదు. పిల్లవాడు జడుసుకున్నాడని సూరా చదివి ఊదించడం మన తల్లుల ప్రేమకు గుర్తే. కాని దానితోనే ఆగిపోవడం ప్రమాదకరం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చే మానసిక రోగులను ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది కదలలేక మంటలకు బలైపోయారు. పారిపొమ్మని వారి శరీరాలు గంట కొట్టే ఉంటాయి. గొలుసులు వదలలేదు. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

దీనికి భిన్నమైన దారి కూడా దర్గాలలోనే దొరుకుతుంది. గుజరాత్‌లోని ఉనావాలో హజ్రత్ మీరా దాతార్ దర్గాలో దవా-దువా పేరుతో ఒక ఏర్పాటు నడిచింది. ముజావర్లు దువా చేస్తారు, రోగి లక్షణాలు చూసి పక్కనే ఉన్న వైద్యుని వద్దకూ పంపుతారు. దీన్ని కొత్త పోకడ అనుకోనవసరం లేదు. బల్ఖ్‌లో 850లో పుట్టి 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ, శరీరాల మేలును మనసుల మేలునూ కలిపి ఒకే గ్రంథంలో రాశాడు. భయం, కోపం, దిగులు, వస్వసాలను వేర్వేరుగా వివరించాడు. ఇంట్లో మందులు దాచుకున్నట్టే మంచి రోజుల్లోనే ధైర్యాన్నిచ్చే ఆలోచనలను దాచుకోవాలని ఆయన సలహా. వెయ్యేళ్ళ క్రితం మన విద్వాంసుడు రాసిన సంగతికి మనమే దూరమైపోయాం.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ప్రతి దడా ఘబ్రాహట్ కాదు. ఛాతీలో బరువుగా నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లని చెమట కనిపిస్తే శ్వాస సాధన చేస్తూ కూర్చోకూడదు, వెంటనే 108కు ఫోన్ చేయాలి. రక్తహీనతవల్ల, థైరాయిడ్‌వల్ల, చక్కెర పడిపోవడంవల్ల కూడా దడ వస్తుంది. ఆపద గడిచి వారాలైనా నిద్ర పట్టకపోతే, అదే దృశ్యం మళ్ళీ మళ్ళీ కళ్ళముందుకు వస్తుంటే, బతకాలనిపించడం లేదని ఎవరైనా అంటే, అది మాటలతో సర్దిచెప్పే దశ దాటింది. కాకినాడ ప్రభుత్వ సామాన్య ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఒంటెను వదిలేసి తవక్కుల్ అనకుండా ముందు కట్టివేయమన్న ప్రవక్త (స) బోధ ఇక్కడా వర్తిస్తుంది.

అందువల్ల మసీదు కమిటీలకు, ఇమాములకు, దర్గా పెద్దలకు మా విన్నపం ఇది. తుఫాను కాలం మొదలయ్యేముందు ఒక్క జుమా ఖుత్బాలో అయినా ఈ విషయం చెప్పండి. భయపడినవారిని ఈమాన్ పేరుతో సిగ్గుపరచవద్దని చెప్పండి. 14416 నంబరును వుజూ ఖానా గోడ మీద రాయించండి. దర్గాకు ఎక్కువమంది వచ్చే గురువారాల్లో ఒక ఆరోగ్య కార్యకర్త అక్కడ కూర్చునే ఏర్పాటు కోసం ప్రభుత్వ ఆసుపత్రివారిని అడగండి. పైసా ఖర్చులేని పని.

భర్తలు, కొడుకులు గల్ఫ్‌లో ఉండగా ఇల్లు నెట్టుకొస్తున్న సోదరీమణులకు ఒక మాట. మూసా (అలై) తల్లి బిడ్డను నదిలో విడిచిన ఉదయం ఆమె హృదయం శూన్యమైపోయిందని, అల్లాహ్ దాన్ని బిగించి నిలిపాడని ఖుర్ఆన్ చెబుతుంది. ఆమె ఆ తరువాత ఊరుకోలేదు, కూతుర్ని పిలిచి తమ్ముడి జాడ తీయమంది. గుండె ఆగినంత పనైనా చేయవలసిన పని చేసింది. మన హృదయాలకూ ఆ నిలకడను, మన ఇళ్ళకు ఆ వివేకాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.